పోలీసు నేరాన్ని పోలీసే దర్యాప్తు చేస్తే

పోలీస్ స్టేషన్‌లో ఒక మనిషి చనిపోయినా, ఒక స్త్రీ మీద పోలీసులు అత్యాచారం చేసినా ఆ తర్వాత జరిగేదంతా ఎవరో ముందే రాసిపెట్టినట్టు ఉంటుంది. మొదటి రోజు జనం శవంతో రోడ్డు మీద కూర్చుంటారు. రెండో రోజు ఒక ఎస్సైనీ ఇద్దరు కానిస్టేబుళ్లనీ సస్పెండ్ చేస్తారు, లేదా వీఆర్‌కి పంపిస్తారు. మూడో రోజు మంత్రిగారు నష్టపరిహారం ప్రకటిస్తారు. వారం తిరిగేలోగా విచారణకు ఆదేశాలొస్తాయి. ఆ విచారణ చేసేదెవరయ్యా అంటే ఆ శాఖలోనే ఇంకో అధికారి. ఆ తర్వాత పత్రికలు మరిచిపోతాయి, నాయకులు మరిచిపోతారు, మనలో కూడా చాలామందిమి ఇంకో కేసు వెనక పరుగెడుతుంటాం. ఏడాదికో రెండేళ్లకో సస్పెన్షన్ ఎత్తేసిన సంగతి ఎవరో చెప్తే తెలుస్తుంది.

సస్పెన్షన్ శిక్ష కాదు. నష్టపరిహారం శిక్ష కాదు. బదిలీ అసలే కాదు. ఒక మామూలు మనిషి ఇంకో మనిషిని కొట్టి చంపితే హత్యకేసు పెట్టి, అరెస్టు చేసి, కోర్టులో నిలబెడతారు. అదే పని ఖాకీ బట్టలు వేసుకున్నవాడు చేస్తే ఎందుకు అలా జరగదు? ‘వ్యవస్థ చెడిపోయింది’ అని ఒక్క ముక్కలో తేల్చెయ్యడం మనకు బాగా అలవాటైంది. చెడిపోవడం కాదిది. చట్టంలో ఏ మెట్టు దగ్గర ఏ తలుపు ఉందో, ఆ తలుపు తాళం ఎవరి చేతిలో ఉందో చూస్తే, ఇది పనిచెయ్యవలసిన విధంగానే పనిచేస్తోందని అర్థమవుతుంది.

ముందు కొన్ని అంకెలు. ఇవి హక్కుల సంఘాలు చెప్పినవి కావు, ప్రభుత్వమే వేసుకున్న లెక్కలు. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2001 నుంచి 2020 వరకు 20 ఏళ్లలో దేశంలో 1,888 కస్టడీ మరణాలు నమోదయ్యాయి. పోలీసుల మీద పెట్టిన కేసులు 893. చార్జిషీటు పడిన పోలీసులు 358 మంది. శిక్ష పడినవాళ్లు 26 మంది. నమోదైన మరణాల సంగతే ఇది. స్టేషన్ నుంచి ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలో పోయారనీ, భయంతో పారిపోతూ బావిలో పడ్డారనీ రాసుకున్నవి ఇందులో ఎన్ని చేరాయో, ఎన్ని చేరలేదో ఊహించుకోండి.

మనకు ఈ చరిత్ర కొత్తది కాదు. 1978 మార్చిలో హైదరాబాదు నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీ మీద పోలీసులు అత్యాచారం చేశారు. అడ్డొచ్చిన ఆమె భర్త, రిక్షా తొక్కి బతికే అహ్మద్ హుసేన్‌ని కొట్టి చంపారు. నగరం అట్టుడికిపోయింది. జనం పోలీస్ స్టేషన్ మీదకు వెళ్లారు, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. ప్రభుత్వం హైకోర్టు జడ్జి జస్టిస్ ముక్తదర్‌తో విచారణ కమిషన్ వేసింది. కమిషన్ ముందు పోలీసులు చేసిన వాదన ఏమిటి? రమీజాబీ వ్యభిచారి అని, ఆ పెళ్లి పెళ్లే కాదని. దానికి సాక్షుల్ని వెతికి తెచ్చారు. స్టేషన్‌లో ఏం జరిగిందన్న ప్రశ్న పక్కకి పోయింది, ఆమె ఎలాంటిది అన్న ప్రశ్న ముందుకొచ్చింది. అయినా కమిషన్ పోలీసుల మాట నమ్మలేదు. వాళ్లు నేరం చేశారని తేల్చింది, ప్రాసిక్యూట్ చెయ్యమంది. ఆ తర్వాత ఏమైంది? కేసు కర్ణాటకలోని రాయచూరుకి బదిలీ అయింది. అక్కడి సెషన్స్ కోర్టు పోలీసులందర్నీ వదిలేసింది.

ఒక హైకోర్టు జడ్జి సాక్ష్యాలన్నీ విని నేరం జరిగిందని చెప్పాక, సెషన్స్ కోర్టు నేరం రుజువు కాలేదని ఎలా అంటుంది? అంటుంది. ఎందుకంటే 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద వచ్చిన నివేదిక ప్రభుత్వానికి ఇచ్చే సలహా మాత్రమే. క్రిమినల్ కోర్టుకి అది సాక్ష్యం కాదు. కోర్టులో మళ్లీ మొదటి నుంచి కేసు రుజువు చెయ్యాలి. ఆ రుజువు సేకరించవలసింది పోలీసు. కోర్టులో పెట్టవలసింది ప్రభుత్వ న్యాయవాది. వాళ్లిద్దరూ ఎవరి మనుషులు? ఈ మాట రమీజాబీ కోసం ఊరేగింపులు తీసిన ఆనాటి స్త్రీలకు అర్థమైంది. హైదరాబాదులో స్త్రీల సంఘాలు గట్టిపడటానికి ఆ కోపం ఒక కారణం.

దాదాపు అదే కాలంలో మథుర కేసు. 1972 మార్చిలో మహారాష్ట్రలోని దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లో ఒక ఆదివాసీ అమ్మాయి మీద హెడ్ కానిస్టేబుల్, కానిస్టేబుల్ చేసిన నేరం అది. కింది కోర్టు వదిలేసింది, బొంబాయి హైకోర్టు శిక్ష వేసింది, 1978లో సుప్రీంకోర్టు మళ్లీ వదిలేసింది. ఒంటి మీద గాయాలు లేవు, గట్టిగా ప్రతిఘటించినట్టు లేదు అన్నారు. అర్ధరాత్రి పోలీస్ స్టేషన్‌లో, తనవాళ్లు బయట నిలబడి ఉండగా, ఆ పిల్ల ఎవర్ని ప్రతిఘటించాలి? 1979లో ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి రాసిన బహిరంగలేఖతో దేశమంతా కదిలింది. ఫలితంగా 1983లో చట్టం మారింది. కస్టడీలో జరిగే అత్యాచారం ప్రత్యేక నేరమైంది. స్త్రీ తన సమ్మతి లేదని చెప్తే కోర్టు అలాగే భావించాలన్న నియమం సాక్ష్యాల చట్టంలోకి వచ్చింది. అది చిన్న విజయం కాదు. కానీ ఆ చట్టం కోర్టు గది లోపలి రుజువుని మార్చింది. కోర్టు గది దాకా కేసు ఎలా రావాలన్నది మాత్రం పోలీసు చేతిలోనే ఉంచింది.

దాని ఫలితం 2007లో వాకపల్లిలో చూశాం. విశాఖ ఏజెన్సీలో జి.మాడుగుల మండలంలోని చిన్న కొండ ఊరు. ఆగస్టు 20న కూంబింగ్‌కి వెళ్లిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద సామూహిక అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆదివాసీ స్త్రీలు కొండ దిగి వచ్చి చెప్పారు. వాళ్లకు తెలుగు సరిగా రాదు. పాడేరు ఎక్కడో, కోర్టు అంటే ఏమిటో తెలియనివాళ్లు. 1983 చట్టం ఉంది, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది, మానవ హక్కుల కమిషన్ ఉంది. అన్నీ ఉండి ఏం జరిగింది? అత్యాచారం జరిగిన ఆధారం లేదని పోలీసు పెద్దలు మొదట్లోనే ప్రకటించేశారు. ఇంకా దర్యాప్తు చేసేదేముంది? కేసు మూసెయ్యాలని చూస్తే ఆ స్త్రీలు కోర్టులో అభ్యంతరం చెప్పి నిలబడ్డారు. పోలీసులు హైకోర్టుకి, సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2017లో సుప్రీంకోర్టు విచారణ జరపవలసిందే అన్నాక గాని కేసు కదల్లేదు. 21 మంది మీద ఫిర్యాదు చేస్తే విచారణ దాకా వచ్చినవాళ్లు 13 మంది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు వాళ్లందర్నీ విడుదల చేసింది.

ఆ తీర్పుని మనం జాగ్రత్తగా చదవాలి. స్త్రీలు అబద్ధం చెప్పారు కాబట్టి వదిలేస్తున్నామని కోర్టు అనలేదు. దర్యాప్తు అధికారులు సరిగా దర్యాప్తు చెయ్యలేదు కాబట్టి వదలవలసి వచ్చిందని చెప్పింది. ఆ స్త్రీలకు జిల్లా న్యాయ సేవల సంస్థ ద్వారా పరిహారం ఇప్పించమని కూడా ఆదేశించింది. ఏ నేరమూ జరక్కపోతే పరిహారం ఎందుకు? నేరస్తులు ఎవరో గుర్తుపట్టడానికి జరపవలసిన గుర్తింపు పరేడ్ సకాలంలో జరగలేదు. అది జరపవలసింది ఎవరు? ముద్దాయిల శాఖవాళ్లే. దర్యాప్తు చెడగొట్టినవాడు పోలీసు, చెడిపోయిన దర్యాప్తు వల్ల లాభపడినవాడు పోలీసు. 15 ఏళ్ల 8 నెలలు కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లు మాత్రం ఆ కొండ మీది ఆడవాళ్లు. ఇన్నేళ్లలో ఒత్తిళ్లకూ ఆశలకూ లొంగకుండా ఒక్క మాట మీద నిలబడిన ఆ స్త్రీల నుంచి, వాళ్ల పక్కన చివరిదాకా నిలబడిన హక్కుల కార్యకర్తల నుంచి మనం నేర్చుకోవలసింది చాలా ఉంది. కాని వాళ్ల ధైర్యాన్ని పొగిడి ఊరుకుంటే లాభం లేదు. ధైర్యం ఉన్నవాళ్లు కూడా ఓడిపోయేట్టు కట్టిన గోడ గురించి మాట్లాడాలి.

ఆ గోడలో మొదటి రాయి ముందస్తు అనుమతి. ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణలో చేశానని చెప్పే పనికి అతన్ని ప్రాసిక్యూట్ చెయ్యాలంటే ప్రభుత్వం అనుమతి కావాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 197వ సెక్షన్ చెప్పింది. తెల్లదొరల కాలం నుంచి నడిచొస్తున్న రక్షణ ఇది. మనిషిని తలకిందులుగా వేలాడదీసి కొట్టడం విధి నిర్వహణ ఎలా అవుతుందని మనం అడుగుతాం. కాదని చెప్పిన తీర్పులున్నాయి. కాని 2020లో కర్ణాటక నుంచి వచ్చిన దేవరాజా కేసులో సుప్రీంకోర్టు, పోలీసు తన అధికారాన్ని మించి ప్రవర్తించినా ఆ పనికి విధితో సంబంధం ఉంటే అనుమతి కావలసిందే అంది. సంబంధం లేకుండా ఎలా ఉంటుంది? ప్రతి లాకప్ చావుకీ ముందు ఒక అరెస్టు ఉంటుంది, అరెస్టు విధే కదా.

ఇక్కడ స్త్రీల ఉద్యమం సాధించినది ఒకటుంది. 2013లో చట్టం మారినప్పుడు అత్యాచారం, లైంగిక వేధింపు వంటి నేరాలకు ప్రభుత్వ అనుమతి అక్కర్లేదని చేర్చారు. ఆ మినహాయింపు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 218వ సెక్షన్ కింద కొనసాగుతోంది. మరి కొట్టి చంపితే? చిత్రహింసలు పెడితే? వాటికి అనుమతి కావాలి. అంటే స్టేషన్‌లో నా శరీరం మీద జరిగిన దాడి లైంగికమైనదైతే ఒక చట్టం, లాఠీతో జరిగితే ఇంకో చట్టం. దొంగతనం నెపం మీద పట్టుకుపోయిన దళిత స్త్రీని కొడితే ఈ రెండూ వేరుగా జరుగుతాయా? 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు పోలీస్ స్టేషన్‌లో వంటపని చేసుకుని బతికే ఒక దళిత స్త్రీ చనిపోయింది. డబ్బు పోయిందన్న ఫిర్యాదు మీద ఆమెను తీసుకెళ్లారు. గొడవ పెద్దదైంది, హక్కుల సంఘం హైకోర్టుకి వెళ్తే శవాన్ని తవ్వి మళ్లీ పోస్టుమార్టం చెయ్యమని కోర్టు చెప్పింది. ముగ్గురు పోలీసులను ఉద్యోగం నుంచి తీసేశారు, కుటుంబానికి పరిహారం ప్రకటించారు. దీన్ని చాలామంది విజయమనుకున్నారు. కాని ఒక్క ప్రశ్న. ఉద్యోగం నుంచి తీసెయ్యడం యజమానికీ నౌకరుకీ మధ్య వ్యవహారం. ఒక మనిషిని చంపిన నేరం ఆ మనిషికీ సమాజానికీ సంబంధించినది. మొదటిది వారాల్లో జరిగిపోతుంది. రెండోది ఎందుకు ఏళ్లు పడుతుంది?

కొత్త చట్టంలో మంచి మాట ఒకటి ఉందని చెప్తున్నారు. అనుమతి అడిగిన 120 రోజుల్లోగా ప్రభుత్వం ఏ సంగతీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే భావించాలి. ఇది మేలే. ఫైలు తొక్కిపెట్టి పదేళ్లు గడిపే పద్ధతికి కొంత అడ్డు పడుతుంది. కాని ఆ చేత్తో ఇచ్చి ఈ చేత్తో లాక్కున్నారు. అదే చట్టంలో 175వ సెక్షన్‌లోని నాలుగో ఉపసెక్షన్, 223లోని రెండో ఉపసెక్షన్ చూడండి. విధి నిర్వహణలో నేరం చేశాడని ప్రభుత్వోద్యోగి మీద వచ్చిన ఫిర్యాదు మీద మేజిస్ట్రేట్ దర్యాప్తుకు ఆదేశించాలన్నా, ప్రైవేటు ఫిర్యాదుని విచారణకు తీసుకోవాలన్నా ముందు అతని పై అధికారి నుంచి నివేదిక తెప్పించుకోవాలి, ఆ ఉద్యోగి తన వాదన చెప్పుకోవడానికి వీలివ్వాలి. ఇంకా కేసే లేదు, అప్పుడే ముద్దాయి జవాబు! ఇంతకుముందు పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లడం మనకున్న ఒక్క దారి. ఆ దారి మొదట్లో ఇప్పుడు ఎస్పీగారి నివేదిక అనే గేటు పెట్టారు. జేబుదొంగకి ఈ సౌకర్యం ఉందా? భార్యను కొట్టిన భర్తకి ఉందా? మనం ఈ రెండు సెక్షన్ల గురించి మాట్లాడవలసినంత మాట్లాడటం లేదు.

రెండో రాయి దర్యాప్తు. 1995లో మధ్యప్రదేశ్‌కి చెందిన శ్యాంసుందర్ త్రివేది కేసులో సుప్రీంకోర్టే చెప్పింది, లాకప్ మరణాల్లో ప్రత్యక్ష సాక్ష్యం దొరకడం అరుదు, సోదరభావంతో పోలీసులు నోరు విప్పరు అని. ఆ సంగతి తెలిసి కూడా ఆ సోదరుల చేతికే దర్యాప్తు ఇవ్వడం ఏమి న్యాయం? 2014లో ఎన్‌కౌంటర్ల మీద సుప్రీంకోర్టు 16 మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు కూడా దర్యాప్తు సీఐడీ గాని, వేరే పోలీస్ స్టేషన్ వాళ్లు గాని చెయ్యాలంది. వేరే స్టేషన్! ఇవాళ అక్కడ ఉన్నవాడు రేపు ఇక్కడికి బదిలీ మీద వస్తాడు. ఇద్దరి ప్రమోషన్ కాగితాలూ ఒకే బల్ల మీదకు వెళ్తాయి. 2005 సవరణతో కస్టడీ మరణానికీ, కస్టడీ అత్యాచారానికీ జుడీషియల్ మేజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి చేశారు. కాని ఆ మేజిస్ట్రేట్‌కి సొంతంగా దర్యాప్తు చేసే మనుషులు లేరు. కాగితాలు తెచ్చేదీ, సాక్షుల్ని పిలుచుకొచ్చేదీ పోలీసే. భర్తను పోగొట్టుకున్న ఆవిడ ఇంటికి సమన్లు పట్టుకుని వెళ్లేది ఎవరు? అదే స్టేషన్ కానిస్టేబుల్. ఆ కాగితం ఇచ్చేటప్పుడు అతను గుమ్మంలో నిలబడి ఎన్ని మాటలు మాట్లాడగలడో ఊళ్లలో పనిచేసే మనకు చెప్పనక్కర్లేదు. 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకున్న సాక్షుల రక్షణ పథకం చూడండి. సాక్షికి ఎంత ప్రమాదం ఉందో అంచనా వేసి నివేదిక ఇవ్వవలసింది ఆ సబ్ డివిజన్ పోలీసు అధికారి. పోలీసు నుంచి ప్రమాదం ఉన్న సాక్షి పోలీసునే అడగాలి, నాకు నీ వల్ల ఎంత ప్రమాదమో చెప్పు బాబూ అని.

2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ప్రతి రాష్ట్రంలోనూ జిల్లాలోనూ రిటైరైన జడ్జి అధ్యక్షతన పోలీసు ఫిర్యాదుల అథారిటీ పెట్టమంది. అది ఉత్తర్వుల రూపంలోకి రావడానికే ఏళ్లూ పూళ్లూ పట్టింది. వచ్చినా అది చెయ్యగలిగేది సిఫార్సే. నల్లకుంట తర్వాత ముక్తదర్ కమిషన్ చేసింది కూడా సిఫార్సే కదా. మనకు కావలసింది సిఫార్సు చేసే ఇంకో సంస్థ కాదు. ఎఫ్ఐఆర్ కట్టే అధికారం, అరెస్టు చేసే అధికారం, సొంత దర్యాప్తు సిబ్బంది ఉన్న సంస్థ కావాలి. అది హోంశాఖ కింద ఉండకూడదు. ఇదేమీ ఆకాశంలోంచి ఊడిపడ్డ కోరిక కాదు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 1990 నుంచి పోలీసు వల్ల ఎవరైనా చనిపోయినా, తీవ్రంగా గాయపడినా, లైంగిక దాడి ఆరోపణ వచ్చినా వేరే సంస్థే దర్యాప్తు చేస్తుంది. ఉత్తర ఐర్లండ్‌లో 2000 నుంచి పోలీసు మీద ఫిర్యాదులన్నీ చూసే అంబుడ్స్‌మన్ కార్యాలయం సొంత పరిశోధకులతో పనిచేస్తోంది. అక్కడ అంతా బాగుందని కాదు. ఒంటారియోలో ఆ సంస్థలోకి మాజీ పోలీసుల్నే తీసుకుంటున్నారని విమర్శ ఎప్పటినుంచో ఉంది. మనం పెట్టుకునేటప్పుడు ఆ తప్పు చెయ్యకుండా చూసుకోవాలి. పరిశోధకుల్లో సగం మందైనా స్త్రీలు, దళిత ఆదివాసీ మైనారిటీ వర్గాలవాళ్లు ఉండాలని కూడా అడగాలి.

మూడో రాయి రుజువు భారం. స్టేషన్ లోపలికి నడిచి వెళ్లిన మనిషి గాయాలతో బయటికొస్తే, ఆ గాయాలు ఎలా అయ్యాయో చెప్పవలసినది ఎవరు? లోపల ఉన్నవాళ్లే కదా. 1985లో లా కమిషన్ తన 113వ నివేదికలో ఈ మాటే చెప్పింది. కస్టడీలో గాయమైతే అది పోలీసు చేసిందని కోర్టు భావించవచ్చని సాక్ష్యాల చట్టంలో 114బి చేర్చమంది. 40 ఏళ్లు దాటిపోయాయి. సాక్ష్యాల చట్టమే పేరు మార్చుకుంది, ఆ నియమం మాత్రం చేరలేదు. 1983లో అత్యాచారం విషయంలో సమ్మతి గురించి చెయ్యగలిగిన పని చిత్రహింస విషయంలో చెయ్యడానికి అడ్డేమిటి? చిత్రహింసలకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ఒడంబడిక మీద భారతదేశం 1997లో సంతకం చేసింది. ఇంతవరకూ దాన్ని ఆమోదించలేదు. 2010లో లోక్‌సభలో పాసైన చిత్రహింసల నిరోధక బిల్లు రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి వెళ్లి అక్కడే మురిగిపోయింది. 2020 డిసెంబరులో ప్రతి పోలీస్ స్టేషన్‌లోనూ సీసీ కెమెరాలు పెట్టమని సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరైనా చనిపోయిన రోజునే కెమెరా చెడిపోయిందని వినడం మనకు అలవాటైపోయింది. రికార్డు చూపించలేకపోతే అందులో ఉన్నది పోలీసుకు వ్యతిరేకమైనదేనని కోర్టు భావించాలి. అప్పుడు కెమెరాలు వాటంతటవే పనిచేస్తాయి.

నాలుగోది పై అధికారి బాధ్యత. సస్పెండయ్యేదీ, ఎప్పుడైనా శిక్ష పడేదీ ఎస్సైకి, కానిస్టేబుల్‌కి. ‘ఎలాగైనా కక్కించండి’ అన్నవాడి పేరు చార్జిషీటులో కనపడదు. 2013 జనవరిలో జస్టిస్ వర్మ కమిటీ, కింది ఉద్యోగి అత్యాచారం చేస్తే ఆపగలిగి కూడా ఆపని పై అధికారికి శిక్ష ఉండాలని చెప్పింది. పార్లమెంటు చట్టం చేసేటప్పుడు ఆ భాగం తీసి పక్కన పెట్టింది. నిర్భయ పేరు చెప్పుకుని ఓట్లు అడిగినవాళ్లెవరూ ఈ సంగతి మనకు చెప్పలేదు.

ఇక మనలో మనం మాట్లాడుకోవలసిన సంగతి. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, దిశ కేసులో ముద్దాయిలుగా పట్టుకున్న నలుగుర్ని పోలీసులు కాల్చి చంపారు. పోలీసుల మీద పూలు చల్లారు. మిఠాయిలు పంచారు. ఆ గుంపుల్లో స్త్రీలు ఉన్నారు, చదువుకున్నవాళ్లున్నారు. 2008లో వరంగల్‌లో యాసిడ్ దాడి కేసులో ముగ్గురు కుర్రవాళ్లను చంపినప్పుడూ ఇదే ఉత్సవం. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటకొచ్చింది. ఎదురుకాల్పుల కథ నమ్మదగినది కాదని, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, 10 మంది పోలీసుల మీద హత్యకేసు నడపాలని, చచ్చిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని చెప్పింది. ఆ తర్వాత 2024లో తెలంగాణ హైకోర్టు ఆ నివేదిక మీద చర్యలు ఆపింది. మళ్లీ ఒక కమిషన్, మళ్లీ ఒక సిఫార్సు. 1978 నుంచి ఒక్క అడుగు ముందుకు పడలేదు.

‘ఆడపిల్లల కోసం కదా చంపారు, స్త్రీల సంఘాలే దీన్ని తప్పంటే ఎలా?’ అని మనల్ని అడిగారు, ఇంకా అడుగుతారు. మన జవాబు సూటిగానే ఉండాలి. విచారణ లేకుండా చంపే అధికారం పోలీసుకి ఒకసారి ఇచ్చాక, ఎవరి మీద ఎప్పుడు వాడాలో మనల్ని అడిగి వాడడు. చటాన్‌పల్లిలో కాల్చినదీ వాకపల్లి కొండ ఎక్కినదీ ఒకే యూనిఫాం. దిశ తల్లిదండ్రులు ఫిర్యాదు చేయడానికి వెళ్లిన రాత్రి ఇది మా పరిధి కాదంటూ వాళ్లను స్టేషన్ల చుట్టూ తిప్పినదీ ఆ యూనిఫామే. ఆ నిర్లక్ష్యానికి జవాబు చెప్పవలసిన సమయంలో నాలుగు శవాలు చూపించారు. మన పేరు మీద చేసిన హత్యకి మనం ఒప్పుకుంటే, మన మీద జరిగిన హత్యకి జవాబు అడిగే నోరు మనకు ఉండదు.

పోలీసుల మనోధైర్యం దెబ్బతింటుందన్న వాదన కూడా ఉంది. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు జడ్జిల ధర్మాసనం, ఎన్‌కౌంటర్ జరిగితే పోలీసుల మీద కేసు పెట్టాలనీ, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవాలనీ చెప్పినప్పుడు పోలీసు అధికారుల సంఘం ఈ వాదనతోనే సుప్రీంకోర్టుకి పరుగెత్తి స్టే తెచ్చుకుంది. చట్టం పాటించమంటే దెబ్బతినే ధైర్యం ఎలాంటి ధైర్యం? అబద్ధపు కేసులు వస్తాయంటారా, వస్తే కోర్టు కొట్టేస్తుంది. మిగతా దేశమంతా ఆ కోర్టునే నమ్ముకుని బతుకుతోంది.

ప్రభుత్వ న్యాయవాది గురించి ఒక్క మాట. ముద్దాయికి జీతమిచ్చే ప్రభుత్వమే ప్రాసిక్యూటర్‌ని నియమిస్తుంది. బాధితులు సొంత లాయర్ని పెట్టుకోవచ్చు గాని అతను పక్కన నిలబడి సాయం చెయ్యడమే. పోలీసు ముద్దాయిగా ఉన్న ప్రతి కేసులో బాధితులు కోరుకున్న లాయర్నే ప్రత్యేక ప్రాసిక్యూటర్‌గా, ప్రభుత్వ ఖర్చుతో నియమించాలి. ఎస్సీ ఎస్టీ చట్టం నియమాల్లో బాధితుల కోరిక మీద పేరున్న లాయర్ని పెట్టే వీలు 1995 నుంచి ఉంది. అడిగినవాళ్లు తక్కువ, ఇచ్చిన కలెక్టర్లు ఇంకా తక్కువ.

ఇవన్నీ రావడానికి సమయం పడుతుంది. ఈలోగా చేతిలో ఉన్నది వాడుకోవాలి. కొడుకు దొరకలేదని తల్లినీ, భర్త దొరకలేదని భార్యనీ స్టేషన్‌కి పిలిచి పొద్దుగూకేదాకా కూర్చోబెట్టడం మన జిల్లాల్లో రోజూ జరిగేదే. దర్యాప్తులో వివరాలు అడగాలంటే స్త్రీని ఆమె ఇంటి దగ్గరే అడగాలని కొత్త చట్టంలో 179వ సెక్షన్, పాతదాంట్లో 160. దాన్ని తెలిసి తెలిసి ఉల్లంఘించిన పోలీసుకి భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద 6 నెలలకు తక్కువ కాకుండా 2 ఏళ్ల దాకా జైలుశిక్ష. ఈ నేరానికి ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు, 218వ సెక్షన్ వివరణలో ఇది కూడా ఉంది. ఇంత స్పష్టమైన సెక్షన్ కింద మనం ఎన్ని ఫిర్యాదులు రాశాం? స్టేషన్‌కి వెళ్లి, ఎస్సైతో మాట్లాడి, ఆమెను ఇంటికి తీసుకొచ్చి, ‘పని అయింది’ అనుకుంటున్నాం. ఇకమీదట ఆమెను ఏ రోజు ఎన్ని గంటలకు పిలిచారో, ఎవరు పిలిచారో, ఎప్పుడు పంపారో ఆ సాయంత్రమే కాగితం మీద రాయించి, ఆమె సంతకమో వేలిముద్రో వేయించి, ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపి రసీదు దాచాలి. ఆమె భయపడి వద్దంటే ఆమె మాటే చెల్లాలి. ఒప్పుకున్న ప్రతిచోటా ఈ పని చేసి, ప్రతి జిల్లా నుంచి ఆ కాగితాల నకళ్లు వచ్చే సంచికలోగా సంఘం కార్యాలయానికి పంపండి. వాటన్నిటితో కలిపి రెండు హైకోర్టుల్లోనూ పిటిషన్ వెయ్యవచ్చునా అని లాయర్లతో కూర్చుని మాట్లాడదాం.